జావాలోనూ కబుర్లే

ఇండోనేషియాలో ఇద్దరు ఎదురుపడితే పలకరించుకునే మొదటి మాట ఏమిటో తెలుసా? "అపా కబర్?" అపా అంటే ఏమిటి. కబర్ అంటే సాక్షాత్తూ మన కబురే! "ఏమిటమ్మా కబుర్లు?" అని మన పక్కింటావిడ గోడమీంచి అడిగినట్టే లేదూ? అరబ్బీలో పుట్టిన ఆ ఒక్క మాట పాతబస్తీ ఉర్దూలో ఖబర్ అయింది, తెలుగింట్లో కబురయింది, జావా వెళ్ళి కబర్ అయింది.

ఈ మధ్య మనవాళ్ళకి బాలీ, జావా ప్రయాణాలు మామూలైపోయాయి. పిల్లలు టిక్కెట్లు కొనేస్తారు, అమ్మలు పచ్చడి సీసాలు సర్దుతారు. వెళ్ళేముందు ఓ పది మాటలు కూడా బట్టీ పడతారు. ఎంత అనడానికి "బెరాపా", కృతజ్ఞత చెప్పడానికి "తెరీమా కాసిహ్". ఆ పది మాటలూ హోటలు గుమ్మం దగ్గర బాగానే చెల్లుతాయి. వంటింటి దాకా మాత్రం తీసుకెళ్ళవు. అందుకు రెండో మెట్టు ఎక్కాలి. ఆ మెట్టు మనకి అంత ఎత్తేం కాదు. ఎందుకంటే, మన పెద్దలు ఎప్పుడో సగం కట్టి ఉంచారు.

బోర్నియో దీవిలోని కుటైలో రాతి యూప స్తంభాలు దొరికాయి. మూలవర్మ అనే రాజు కాలంలో, క్రీ.శ. 400 ప్రాంతంలో చెక్కిన సంస్కృత శాసనాలు వాటిమీద ఉన్నాయి. లిపి దక్షిణాది పల్లవుల నాటిది. ఆ రాజ్యాలు పోయాయి గాని మాటలు పోలేదు. భాష అనే మాటకి వాళ్ళు అనేదే "బహాస". భర్త "సుఆమి", భార్య "ఇస్త్రి". మనింట్లో ఇస్త్రీ అంటే బట్టల ముడతలు పోగొట్టేది, అక్కడేమో సంసారం ముడతలు సరిచేసే ఇల్లాలు! వెలకి "హర్గ", అంటే సంస్కృతంలో అర్ఘం. "చింత" అంటే దిగులు కాదండోయ్, ప్రేమ! పిల్లల్ని దూరదేశాలు పంపిన తల్లిని అడగండి, ఆ రెండూ ఒకటేనంటుంది. అక్కడ "దోస" అంటే పాపం. పొరపాటున కూడా రోజూ పొద్దున్నే దోస కావాలనకండి.

తమాషా ఏమిటంటే, రంజాన్ ఉపవాసాన్ని పాతబస్తీలో రోజా అంటే, ఇండోనేషియా ముస్లింలు "పుఆస" అంటారు. అది మన ఉపవాసమే. మతం మారినా వంటింటి మాట మారలేదు.

తరవాతి కథ గోల్కొండది. 1591లో హైదరాబాదు కట్టిన కుతుబ్‌షాహీలకి సముద్రపు వాకిలి మచిలీపట్నం. 17వ శతాబ్దంలో అక్కణ్ణుంచి ఓడలు సుమత్రాలోని అచే దాకా వెళ్ళేవి. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్నదీ ఈ వర్తకం కోసమే. ఆ దీవుల్లో లవంగాలు, జాజికాయ, మిరియాలు కొనాలంటే వెండి కంటే మన అద్దకం బట్ట బాగా చెల్లేది. మన పోపులపెట్టెకీ, వాళ్ళ బట్టలపెట్టెకీ అప్పుడే వియ్యం కుదిరింది.

ఇంకో బంధం చాంద్రాయణగుట్ట దగ్గర బార్కాస్‌లో ఉంది. ఇంగ్లీషు బ్యారక్స్ అనే మాటే మన నోళ్ళలో నాని బార్కాస్ అయింది. నిజాము సైన్యంలో చేరిన అరబ్బు సిపాయిలు ఉన్న చోటది. వాళ్ళలో చాలామంది ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ లోయ నుంచి వచ్చారు. కరువు నేల కావటంతో అక్కడి యువకులు బతుకుతెరువుకి సముద్రం దాటేవారు. కొందరు దక్కను వచ్చి సిపాయిలయ్యారు. కొందరు జావా, సింగపూరు వెళ్ళి వర్తకులయ్యారు. 19వ శతాబ్దంలో సొంత లోయలో రెండు వంశాలు రాజ్యం కోసం తగువులాడుకుంటే, అల్ ఖుయైతీలకి హైదరాబాదు జీతాల డబ్బు, కథీరీలకి జావా, సింగపూరు వర్తకుల డబ్బు అండగా నిలిచాయి! హైదరాబాదులో జమేదారుగా చేసిన ఉమర్ బిన్ అవద్ సంతతివారు 1967 దాకా ముకల్లా సుల్తానులుగా ఏలారు. అందుకే బార్కాస్‌లో వినపడే "బా" అనే అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు జావాలోనూ వినపడతాయి. బార్కాస్ మగవాళ్ళు ఇష్టపడి కట్టే గళ్ళ లుంగీల్లో ఇండోనేషియా నేతవీ ఉంటాయి.

ఆ వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. హద్రమౌత్ ఆడవాళ్ళు ఓడ ఎక్కడం బహు అరుదు. ఇక్కడికి వచ్చినవాడు ఇక్కడి పిల్లని, జావా వెళ్ళినవాడు జావా పిల్లని పెళ్ళాడాడు. పిల్లలు తండ్రి నుంచి ఇంటిపేరు తీసుకున్నారు. భాష మాత్రం తల్లి నుంచి తీసుకున్నారు. మనవల నాటికి ఒక చోట ఉర్దూ, ఇంకో చోట మలయ్, జావనీస్ ఇంటి భాషలయ్యాయి. మాటల్ని ఓడలెక్కించింది మగవాళ్ళే కావచ్చు. ఏ మాట బతకాలో తేల్చింది మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్న తల్లులు. చరిత్ర పుస్తకాల్లో సుల్తానుల పేర్లున్నాయి. ఆ తల్లుల్లో ఎందరి పేర్లు రాసుంటారు చెప్పండి? వాళ్ళు వదిలి వెళ్ళిన దస్తావేజు ఆ భాషే.

అంచేత రెండో మెట్టు చదువు వ్యాకరణం పుస్తకంతో కాక, ఇంట్లో మాటలతో మొదలుపెట్టాలి. ఇంగ్లీషు, ఉర్దూ మాత్రమే తెలిసినవాళ్ళు తడబడే చోటొకటి ఉంది. ఇంగ్లీషులో "వియ్" ఒక్కటే, ఉర్దూలో "హమ్" ఒక్కటే. ఇండోనేషియా వాళ్ళకి రెండున్నాయి. "కిత" అంటే మనం, "కామి" అంటే మేము. ఇంటావిడ "కిత" భోంచేద్దామంటే మీరూ పీట వాల్చుకోవచ్చు. "కామి" అందంటే ఆ భోజనంలో మీరు లేరన్నమాట. ఈ తేడా మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఉగ్గుపాలతోనే వచ్చింది.

వరసలూ అంతే. పెద్దావిణ్ణి "ఇబు" అంటారు, అంటే అమ్మ. పెద్దాయన్ని "బాపక్", అంటే నాన్న. కాస్త పెద్దవాళ్ళు "కకక్", చిన్నవాళ్ళు "అదిక్". పేరు పెట్టి పిలవడం అక్కడా మర్యాద కాదు. పెళ్ళయిందా, పిల్లలెందరని అడిగితే కోపం తెచ్చుకోకండి, అది ఆప్యాయతే. లేకపోతే లేదనకుండా "బెలుమ్" అనాలి, అంటే ఇంకా లేదని. ఆశకి తలుపు తీసే ఉంచాలన్నమాట. "సుదా మాకన్?" అంటే భోజనమైందా. "సుదా మండి?" అంటే బార్కాస్ మండీ అన్నం తిన్నారా అని కాదు, స్నానమైందా అని!

అన్నట్టు, ఆ దేశంలో ఎక్కువమందిది జావనీస్. అందులో ఎవరితో మాట్లాడితే ఆ అంతస్తుకి తగ్గ మాటలు వేరు. అయినా 1928 అక్టోబరు 28న యువకులంతా కూడి, సంతల్లో, రేవుల్లో అందరూ మాట్లాడే మలయ్‌నే దేశానికి ఉమ్మడి భాషగా ఎంచుకుని, దానికి ఇండోనేషియా భాష అని పేరు పెట్టారు. ఎక్కువమంది భాషని అందరిమీదా రుద్దకపోవడం చిన్న సంగతి కాదు.

కనక బయలుదేరేముందు మూడు నెలలు రోజుకో అరగంట కేటాయించండి. పలకరింపు నేర్చుకోవడం సులువే. అవతలావిడ చెప్పే జవాబు అర్థమైనప్పుడే మనం ఆ ఇంటికి చుట్టాలం. జవాబుని వాళ్ళూ "జవాబ్" అనే అంటారు మరి!