రంగం వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన దారులు

విశాఖలోని గోపాలపట్నంలో బస్సెక్కి ఎన్ఏడీ కొత్తరోడ్డు, మర్రిపాలెం మీదుగా కంచరపాలెం దాకా వెళ్ళండి. పరదేశ ప్రయాణానికి కావలసినవన్నీ ఈ కొద్ది దూరంలోనే కనిపిస్తాయి. ఎన్ఏడీకి దగ్గర్లో విమానాశ్రయం ఉంది. మర్రిపాలెంలో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉంది. కంచరపాలెం చేరాక బర్మా క్యాంపు వస్తుంది. మొదటి రెండు చోట్లా కనిపించేది బయలుదేరేవాళ్ళు. బర్మా క్యాంపు వెనక్కి వచ్చినవాళ్ళతో ఏర్పడింది. విదేశాలకు వెళ్ళే ప్రతి కుర్రాడికీ ఈ మూడో చోటు కథ తెలియాలని నా పట్టుదల.

ఇవాళ టూరిస్టు వీసా మీద వెళ్ళేవాళ్ళను చాలా దేశాలు తిరుగు టికెట్ చూపించమంటాయి. అది లేకపోతే ఎయిర్‌లైన్స్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. వాళ్ళ జాగ్రత్తకు కారణం ఉంది. 1944లో చికాగోలో కుదిరిన పౌర విమానయాన ఒప్పందం కింద వచ్చిన నియమాల ప్రకారం, అవతలి దేశం లోపలికి రానివ్వని ప్రయాణికుణ్ణి అక్కడి నుంచి తీసుకుపోయే బాధ్యత అతన్ని తెచ్చిన సంస్థదే. అంటే ఆ కాగితం మొదట ఎయిర్‌లైన్స్‌కూ ఆ దేశానికీ రక్షణ. వెళ్ళేవాడికి అది ఎంతవరకు రక్షణ అన్నది వేరే సంగతి. ఆ సంగతి మన తీరానికి వందేళ్ళ కిందటే అనుభవంలోకి వచ్చింది.

అప్పట్లో మనవాళ్ళు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళేవారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి రంగూన్ ప్రయాణానికి పాస్‌పోర్టు గానీ వీసా గానీ అక్కర్లేదు. విశాఖకు ఇంకా లోపలి హార్బరు కూడా లేదు. 1933 డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ దాన్ని ప్రారంభించేవరకు స్టీమర్లు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. జనం మూటలతో పడవలెక్కి, అలలు దాటి ఓడ చేరేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల డెక్కు మీద, ఎండకూ వానకూ ఓర్చుకుంటూ కొద్ది రోజుల ప్రయాణం.

1927లో ఒక్క ఏడాదిలోనే నాలుగు లక్షల మందికి పైగా భారతీయులు బర్మాలో దిగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు ఒకటిన్నర లక్షలకు పైమాటే. కోరంగి రేవు 1839 తుపానుకే దెబ్బతిన్నా, ఆ పేరు మాత్రం బర్మాలో బతికింది. అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. ఓడల్లో సరుకు ఎత్తడం, దించడం, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడం వీళ్ళ పని.

వీసా లేదన్నమాటే గానీ వాళ్ళు స్వేచ్ఛగా వెళ్ళారనుకోవడానికి లేదు. కూలీలను పోగుచేసే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి, అప్పు తీర్చుకోవడానికనో ఇంటి ఖర్చుకనో కొంత డబ్బు చేతిలో పెట్టేవాడు. ఓడ చార్జీ తనే కట్టేవాడు. అదంతా ఖాతాలోకి ఎక్కేది. బాకీ తీరేవరకు కూలీ ఆ మేస్త్రీ ముఠాలోనే పనిచేయాలి. జీతం కూడా మేస్త్రీ చేతుల మీదుగానే వస్తుంది, అతని కోతలు పోను. చాలామంది రెండు మూడేళ్ళకు నాలుగు రూపాయలతో ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళేవారు. ఎప్పుడు రావాలన్నది మాత్రం బాకీ పుస్తకం తేల్చేది. పాస్‌పోర్టు లేని ఆ రోజుల్లో కూలీ ప్రయాణాన్ని శాసించిన కాగితం అదే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలోకి దించారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. యజమానులు ఆడిన ఈ ఆటకు బలైంది కూలీలే. దాంతో రేగిన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవాళ్ళు. ఎందరో దొరికిన ఓడెక్కి ఇల్లు చేరారు.

బర్మా ఇండియా నుంచి విడిపోయాక మొదటి కొన్నేళ్ళు రాకపోకలు పాత పద్ధతిలోనే సాగాయి. ఆ తర్వాత వలసలపై బాక్స్‌టర్ విచారణ జరిగింది. దాని వెనకే 1941లో ఇండో బర్మా వలస ఒప్పందం వచ్చింది. నా దృష్టిలో ఈ తీరం చరిత్రలో దీనికంటే పెద్ద మలుపు లేదు. నిన్నటిదాకా పొరుగు జిల్లాకు వెళ్ళినట్టు వెళ్ళిన మనిషి మొదటిసారి ‘ఎన్నాళ్ళుంటావు?’ అన్న ప్రశ్న ముందు నిలబడ్డాడు. ఎంతకాలమైనా ఉండటానికి ‘ఏ’ పర్మిట్, గడువుతో పని చేసుకోవడానికి ‘బీ’ పర్మిట్, చూసి పోయేవాళ్ళకు విడిగా వీసా. ‘ఏ’ పర్మిట్‌కు రుసుము 500 రూపాయలు. బస్తాలు మోసే కూలీ జన్మలో కూడబెట్టలేని మొత్తం అది. నైపుణ్యం లేని కూలీల ప్రయాణాన్ని భారత ప్రభుత్వమే ఆ జులైలో నిలిపేసింది. గాంధీజీ ఆ ఒప్పందాన్ని బహిరంగంగా తప్పుపట్టారు.

పర్మిట్ల పద్ధతి వేళ్ళూనుకునే లోపే యుద్ధం ముంచుకొచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. రేవు పనులు ఆగిపోతాయని, పారిపోతున్న కూలీలను మొదట్లో అధికారులు వెనక్కి మళ్ళించే ప్రయత్నం చేశారు. మార్చి 8న నగరం జపాన్ వశమైంది. నాలుగు లక్షల మందికి పైగా అరకాన్ కనుమల మీదుగా, మణిపూర్ కొండల మీదుగా ఇండియాకు వచ్చారు. ఎక్కువమందికి కాలినడకే దిక్కైంది. కలరాకూ మలేరియాకూ ఆకలికీ వేలమంది దారిలోనే పోయారు. బతికి తీరం చేరినవాళ్ళకు ఇక్కడా నెమ్మది లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. ఊరు సగం ఖాళీ అయింది.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్ళారు. 1947లో బర్మా వలసల చట్టం తెచ్చింది. అప్పటి నుంచి పర్మిటో, వీసా ఉన్న పాస్‌పోర్టో తప్పనిసరి. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. అదే ఏడాది మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. దాచుకున్నది ఒక్క రోజులో చిత్తు కాగితమైంది. నగలు, డబ్బు తెచ్చుకోవడానికీ ఆంక్షలే. బతుకుతెరువు పోయిన మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కి మద్రాసులో, విశాఖలో దిగారు. రెండు మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు ఇండియాకు ‘తిరిగి రావడం’ ఒక కొత్త వలస. వాళ్ళ పునరావాసం కోసం కేంద్రం 1969లో రెప్కో బ్యాంకును నెలకొల్పింది. కంచరపాలెం బర్మా క్యాంపు ఆ రోజుల నాటిదే.

ఇక 2024 మే నెల. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ విశాఖ చుట్టుపక్కల యువకులను ఏజెంట్లు కంబోడియా పంపారని, అక్కడ వాళ్ళను సైబర్ మోసాల ముఠాలకు అమ్మేశారని విశాఖ పోలీసులు బయటపెట్టారు. వాళ్ళు వెళ్ళింది టూరిస్టు వీసా మీద. ఆ నెల 20న సిహనౌక్‌విల్‌లో మనవాళ్ళు తిరగబడ్డారు. ఆ తర్వాత అక్కడి నుంచి 60 మంది భారతీయులను విడిపించి ఇళ్ళకు పంపుతున్నట్టు మన రాయబార కార్యాలయం ప్రకటించింది.

ఏజెంటుకు ఇచ్చుకున్నది, కంపెనీ తమకోసం ఖర్చు పెట్టానంటూ లెక్క చూపేది కలిపి ఆ కుర్రాళ్ళ నెత్తి మీద పడింది పాత బాకీ పుస్తకమే. మేస్త్రీ ఊరు వదిలి వాట్సాప్‌లోకి వచ్చాడు, అంతే తేడా. కంబోడియా టూరిస్టు వీసాతో ఉండనిచ్చేది 30 రోజులు. గడువు దాటితే రోజుకు 10 డాలర్ల జరిమానా. చేతిలో పాస్‌పోర్టు లేనివాడికి రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఇండియాకు రావడానికి మాత్రమే, ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది.

పదో తరగతి పాసుకాని కార్మికులు పనికోసం వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన దేశాలు 18 ఉన్నాయి. థాయ్‌లాండ్ ఆ జాబితాలో ఉంది. కంబోడియా లేదు, ఒకప్పటి బర్మా అయిన మయన్మార్ లేదు. పైగా ఇలా మోసపోయినవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ కాబట్టి, జాబితాలో ఉన్నా ఆ వల వీళ్ళను కాపాడేది కాదు. విహారయాత్ర పేరుతో దాటేస్తే ఏ అనుమతీ అడ్డురాదు. కౌంటర్ దగ్గర చూపించే తిరుగు టికెట్టు ఏజెంటు వేసినదైతే, విమానం లేచాక రద్దు చేసే తాళం కూడా అతని చేతిలోనే ఉంటుంది. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అందులో పేరు లేనివాడు, ఉద్యోగమని చెప్పి టూరిస్టు వీసా చేతిలో పెట్టేవాడు గోపాలపట్నంలో కనిపించినా గాజువాకలో కనిపించినా పాస్‌పోర్టు ఇవ్వకండి, పోలీసులకు చెప్పండి.