బెజవాడ గోపాలరెడ్డి

బెజవాడ గోపాలరెడ్డి (5 ఆగస్టు 1907 – 9 మార్చి 1997) స్వాతంత్ర్య సమరయోధుడు, శాసనసభ్యుడు, ఆంధ్ర రాష్ట్రానికి రెండవ ముఖ్యమంత్రి, కవి, అనువాదకుడు. పుట్టిన ఊరు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం. జిల్లావాసులకు అది ‘బుచ్చి’. సంగం ఆనకట్ట దగ్గర మళ్ళిన పెన్న నీరు కనిగిరి రిజర్వాయరుకు చేరి, అక్కడి నుంచి ఆ చుట్టుపక్కల వరిమళ్ళకు పారుతుంది. అలాంటి మాగాణి సీమలో, కలిగిన రైతుల ఇంట పుట్టిన పిల్లవాడు సహాయ నిరాకరణ రోజుల గాలి సోకి మచిలీపట్నం జాతీయ కళాశాలకూ, ఆపైన శాంతినికేతన్‌కూ చదువుకు వెళ్ళాడు. రవీంద్రుడి దగ్గర చదివిన ఆ కొద్ది సంవత్సరాలు ఆయనను జీవితాంతం వదల్లేదు. బెంగాలీ అక్కడే పట్టుబడింది.

తిరిగి వచ్చాక కాంగ్రెసులో పనిచేసి, జైలుకు వెళ్ళారు. 1937లో రాజాజీ మద్రాసులో మంత్రివర్గం ఏర్పరచినప్పుడు ఆయనకు స్థానిక స్వపరిపాలన శాఖ ఇచ్చారు. అప్పటికి గోపాలరెడ్డికి ముప్పయ్యేళ్ళు నిండలేదు. ప్రకాశం పంతులు, వి.వి. గిరి అదే మంత్రివర్గంలో సహచరులు. దేశాన్ని అడగకుండా బ్రిటిషు ప్రభుత్వం యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. స్వాతంత్ర్యం నాటికి ఆయన మద్రాసు ఆర్థికమంత్రి. 1952 ఎన్నికల్లో మాత్రం, మరికొందరు మంత్రుల్లాగే, ఓడిపోయారు.

ఆయన రాజకీయ జీవితంలో అన్నింటికంటే ఎక్కువగా గుర్తుంచుకోవలసినవి 1955 మార్చి 28 నుంచి 1956 అక్టోబరు చివరి దాకా సాగిన పందొమ్మిది నెలలు. మద్రాసు నుంచి విడివడిన ఆంధ్ర రాష్ట్రంలో, మద్యనిషేధం గొడవలో తొలి ముఖ్యమంత్రి ప్రకాశం ప్రభుత్వం పడిపోయాక వచ్చిన ఎన్నికల్లో కాంగ్రెసు కూటమి ఘనవిజయం సాధించింది. అధికారం తమదేనన్న ధీమాతో ఉన్న కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. గోపాలరెడ్డి ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. రాజధాని కర్నూలు. ఆ ఏడాది డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అప్పుడు కృష్ణకు ఈ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఆ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం.

రెండు ఒడ్లనూ ఒకే రాష్ట్రంగా కలపాలా వద్దా అన్నదే ఆనాటి పెద్ద ప్రశ్న. తెలంగాణను 1961 ఎన్నికల దాకా విడిగానే ఉంచి, అప్పటి శాసనసభకు నిర్ణయం వదలాలని రాష్ట్రాల పునర్విభజనకు కేంద్రం వేసిన ఫజల్ అలీ సంఘం సూచించింది. ఆ మాటే నిలిచి ఉంటే గోపాలరెడ్డి కుర్చీకి వచ్చిన ముప్పు లేదు. అయినా ఆయన ప్రభుత్వం విశాలాంధ్ర వైపే నడిచింది. 1955 నవంబరు 25న ఆంధ్ర శాసనసభ తెలంగాణకు రక్షణలు కల్పిస్తామని తీర్మానించింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు నుంచి గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకాలు చేశారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ముఖ్యమంత్రి పదవి సంజీవరెడ్డికి దక్కింది. తాను ఏలుతున్న రాష్ట్రాన్ని తెలంగాణతో కలిపే పత్రం మీద సంతకం పెట్టి, నిన్నటి ఉపముఖ్యమంత్రి కింద మంత్రిగా పనిచేయడం చిన్న విషయం కాదు. ఆ ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదన్న ఆవేదనతోనే 1969లో తెలంగాణ భగ్గుమంది. సంతకం చేసినవారి సద్భావం ఒక్కటే చాలలేదు, ఆ మాటను నిలబెట్టే యంత్రాంగం కావలసింది.

1958లో రాజ్యసభకు వెళ్ళి కేంద్రంలో మంత్రి అయ్యారు. 1962లో కావలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. చైనా యుద్ధకాలంలో సమాచార, ప్రసార శాఖ ఆయనదే. 1963లో, పెద్ద నాయకులు పదవులు వదిలి పార్టీ పనికి మళ్ళాలన్న కామరాజ్ పథకం కింద పదవి వదిలిన ఆరుగురు కేంద్రమంత్రుల్లో ఆయన ఒకరు.

1967 నుంచి 1972 దాకా ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. ఫిరాయింపులతో ప్రభుత్వాలు కూలుతున్న కాలమది. 1970లో చరణ్‌సింగ్ ప్రభుత్వం చీలినప్పుడు, సభలో బలాబలాలు తేలకముందే ఆయన రాష్ట్రపతి పాలనకు సిఫార్సు చేశారు. సోవియట్ పర్యటనలో ఉన్న రాష్ట్రపతి, పాత సహచరుడు వి.వి. గిరి, కీవ్ నగరంలో ఆ ప్రకటనపై సంతకం చేశారు. శాసనసభల్లోనే పెరిగిన నాయకుడు సభకు ఆ అవకాశం ఇవ్వకపోవడం ఆయన చరిత్రలో మచ్చగానే మిగిలింది.

పదవులు వస్తూ పోతూ ఉన్నా సాహిత్యం ఆయన చేయి వదల్లేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి చాలాకాలం అధ్యక్షుడు. తెలుగులో విజ్ఞాన సర్వస్వ సంపుటాలు తెచ్చిన తెలుగు భాషా సమితి కూడా ఆయన అధ్యక్షతలోనే పనిచేసింది. రవీంద్రుడి రచనలను బెంగాలీ మూలం నుంచే తెలుగు చేసి ‘ఆంధ్రా టాగోర్’ అనిపించుకున్నారు. ‘ఆమె’ వంటి సొంత కవితాసంపుటాలు కూడా వెలువరించారు.