మా సోషల్ సారు కంట్లో సూది: దాని వెనక చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వాళ్ళు అడిగారు. కంభం చెరువు గురించి, మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి గురించి, పలకల గనుల గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. నాకు కాస్త తెలిసింది ఒక మందు చరిత్ర. దానికి మన బడితో ఏం సంబంధం అంటారేమో. ఆ మందు మన సోషల్ సారు ఎడమ కంట్లోకి చాలాసార్లు వెళ్ళింది. అదే సంబంధం.

సారు పేరు అచ్చులో వద్దని వాళ్ళింట్లో అన్నారు. అయినా డెబ్బైల్లో చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బోర్డు మీద నుంచి చెయ్యి ఎత్తకుండా పటం గీసే మనిషి. 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు మార్చినప్పుడు నేను ఏడో తరగతి. గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి అప్పటికి రెండేళ్ళు దాటినా మా నోట కర్నూలే వచ్చేది. "నోరు కర్నూల్లో, కాళ్ళు ప్రకాశంలో పెట్టుకొని ఎన్నాళ్ళు తిరుగుతార్రా" అని మా చేత ఆ పటం ఇరవైసార్లు గీయించారు. ఇంటర్వెల్‌లో బడి వెనక చింతచెట్టు కింద చుట్ట కాల్చేవారు. మేము చూడలేదని ఆయన నమ్మకం.

2008 చలికాలంలో ఒకరోజు సారు గ్రంథాలయం నుంచి వస్తూ, వీధి మొగదల కరెంటు స్తంభం నడుం దగ్గర వంగిందని, ఎవరి మీదైనా పడకముందే లైన్‌మన్‌కు చెప్పాలని హడావిడి చేశారు. స్తంభం నిటారుగానే ఉంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి, నవ్వకూడని వాణ్ణి. ఆ తర్వాత పేపర్లో వరుస మధ్య అక్షరాలు మాయమవుతున్నాయన్నారు. చూపించుకున్న చోట శుక్లం అన్నారు, ముదిరాక ఆపరేషన్ చేద్దామన్నారు. అలా నాలుగు నెలలు పోయాయి. చివరికి హైదరాబాదు తీసుకెళ్ళేసరికి కుడికంటి మధ్యలో మచ్చ కట్టేసింది. ఇక ఏ మందూ పనిచేయదన్నారు.

జబ్బు పేరు ఏఎండీ. వయసుతో పాటు మాక్యులా దెబ్బతినడం. మాక్యులా అంటే కంటి వెనక పొరలో నట్టనడుమ ఉండే చిన్న చోటు. చదవడానికి, మనిషి ముఖం పోల్చుకోవడానికి పనికొచ్చే చూపంతా అక్కడిదే. పొడి రకం ఏళ్ళ తరబడి నెమ్మదిగా తింటుంది. తడి రకంలో ఆ పొర కింద పనికిమాలిన రక్తనాళాలు మొలిచి, నీరూ నెత్తురూ కారి, వారాల్లోనే చూపును చెరుపుతాయి. సారుది తడి రకం. పక్కచూపు మిగులుతుంది కాబట్టి మనిషి నడుస్తాడు, తింటాడు. చూసేవాళ్ళకు బాగానే ఉన్నట్టుంటాడు.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "చుట్ట తాగుతారా?" సారు నావైపు చూశారు, నేను గోడవైపు చూశాను. ఆ ప్రశ్నకు కారణం మన రాష్ట్రంలోనే ఉంది. 1996 నుంచి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మంది కళ్ళు పరీక్షించారు. నలభై దాటినవాళ్ళలో నూటికి ఇద్దరికి కొంచెం తక్కువగా ఈ జబ్బు తేలింది. చుట్ట బాగా కాల్చేవాళ్ళలో ఎక్కువగా కనిపించింది. పొగాకు పండించే జిల్లాను ఆ లెక్కలో చేర్చి ఉంటే ఏం తేలేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

వచ్చేటప్పుడు ఒక నల్ల కాగితం ఇచ్చారు. దాని మీద తెల్ల గీతలతో గళ్ళు, నడుమ ఒక చుక్క. ఆమ్స్‌లర్ అనే స్విట్జర్లాండు కంటివైద్యుడు 1940ల్లో తయారుచేసిన పటం అది. చుక్కను చూస్తూ ఉంటే చుట్టూ ఉన్న గీతలు తిన్నగా కనపడాలి. వంకర పోయినా, మధ్యలో గడి చెరిగిపోయినా ప్రమాదం. సారు దాన్ని చేత్తో తడిమి, "ఒరే, ఇది మన మార్కాపురం పలకే కదరా" అన్నారు. ఊరికొచ్చాక నిజంగానే ఒక రాతిపలక తెప్పించి, స్కేలు పెట్టి మేకుతో గళ్ళు గీసుకున్నారు. పటం గీసే చెయ్యి కదా, చూపు తగ్గినా గీత తప్పలేదు. రోజూ పొద్దున కాఫీకి ముందు కుడికన్ను మూసుకొని ఆ పలక చూడటం, తర్వాతే మిగతా పనులు.

ఇక మందు సంగతి. 2000 ప్రాంతం దాకా తడి రకానికి ఉన్నదల్లా లేజరు. నాళాన్ని కాలిస్తే దానితోపాటు చూపూ కాలేది. తర్వాత వెర్టిపోర్ఫిన్ అనే మందు నరానికి ఎక్కించి చల్లని లేజరు కాంతి వేసే పద్ధతి వచ్చింది. పతనం నెమ్మదించేది, అంతే. అసలు దారి క్యాన్సర్ వైపు నుంచి వచ్చింది. కొత్త రక్తనాళాలు మొలవకుండా చేస్తే కణితి ఆకలితో ఆగిపోతుందని 1971లో బోస్టన్ సర్జన్ జుడా ఫోక్‌మన్ రాస్తే చాలామంది నమ్మలేదు. 1989లో కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్ కంపెనీలో నపోలియోనే ఫెరారా ఆ నాళాలను మొలిపించే ప్రొటీన్‌ను వేరుచేశాడు. దాని పేరు వీఈజీఎఫ్. దాన్ని పట్టి కట్టేసే ప్రతిరక్షకమే అవాస్టిన్. 2004 ఫిబ్రవరిలో పెద్దపేగు క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి పొందింది.

కంటికి మాత్రం అదే కంపెనీ వేరే మందు చేసింది. మొత్తం ప్రతిరక్షకం పెద్దది, రెటీనా పొరల్లోకి దిగదని కోతులపై చేసిన ఒక పరిశోధన చెప్పింది. అందుకని ప్రతిరక్షకంలో ఒక ముక్కనే తీసుకొని పదును పెట్టారు. అది లూసెంటిస్. దాన్ని పరీక్షించిన తీరు తెలిశాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

2003లో మొదలైన ఆ పెద్ద పరీక్ష పేరు మెరీనా. అమెరికాలో 716 మంది వృద్ధులు. నెలకొకసారి చొప్పున రెండేళ్ళు. 478 మందికి మందు రెండు మోతాదుల్లో ఇచ్చారు. మిగతా 238 మందికి ఉత్తుత్తి సూది. వాళ్ళకూ మత్తు చుక్కలు వేశారు, కన్ను కడిగారు, సూది లేని సిరంజి మొనను కంటి తెల్లగుడ్డు మీద అదిమారు. రోగికి తెలియదు. చూపు కొలిచే డాక్టరుకూ తెలియదు. ఒక్క సూది వేసే డాక్టరుకే తెలుసు. ఏడాది గడిచేసరికి పెద్ద మోతాదు పొందినవాళ్ళు కంటి చార్టు మీద సగటున ఏడు అక్షరాలు ఎక్కువ చదివారు. ఉత్తుత్తి సూది వాళ్ళు పది అక్షరాలు కోల్పోయారు. ఆ రోజుల్లో ఆ రకం జబ్బుకు సరైన చికిత్స లేదు కాబట్టే అలా చేయడానికి వీలైంది, వాళ్ళంతా తెలిసే సంతకం పెట్టారు. అయినా నెలనెలా మనవడి కారెక్కి ఆస్పత్రికి వచ్చి, ఏమీ లేని సిరంజికి కన్ను తెరిచి పెట్టిన ఆ 238 మందిని తలుచుకోకుండా ఉండలేను. వాళ్ళు లేకపోతే ఏడు అక్షరాలు లాభమా, దైవాధీనమా అని ఎవరు చెప్పగలరు?

2006 జూన్‌లో లూసెంటిస్‌కు అనుమతి వచ్చింది. సూది ఒక్కంటికి దాదాపు 2,000 డాలర్లు. ఈలోగా 2005లో మయామీలో ఫిలిప్ రోజెన్‌ఫెల్డ్ అనే డాక్టరు చేతిలో ఉన్న అవాస్టిన్‌నే కంట్లోకి ఎక్కించి చూశాడు. వాపు తగ్గింది. కంటికి కావలసింది 0.05 మిల్లీలీటరు. చిన్న సీసాలోనే నాలుగు మిల్లీలీటర్లుంటాయి. పంచుకుంటే సూది 50 డాలర్లకు వస్తుంది. ఆ మాట ప్రపంచమంతా పాకింది, మన దేశానికీ వచ్చింది. కానీ అవాస్టిన్ ఎవరి దగ్గరా పరీక్ష రాయలేదు. ఖరీదైన మందు అమ్ముకునే కంపెనీ తన చవక మందుకు తానే పరీక్ష ఎందుకు పెడుతుంది?

ఆ పరీక్ష అమెరికా ప్రభుత్వ నేత్ర పరిశోధన సంస్థ పెట్టింది. క్యాట్ అంటారు. 2008లో మొదలైంది. రెండు మందులనూ 1,200 మందికి పైగా రోగులపై ఎదురెదురుగా నిలబెట్టారు. ఫలితం 2011 వేసవిలో అచ్చయింది.

అదే ఏడు దసరా వెళ్ళిన వారానికి సారు పలక మీద ఎడమవైపు రెండు గీతలు పామల్లే మెలిక తిరిగాయి. పొద్దున ఆరున్నరకు నాకు ఫోను. ఆ సాయంత్రమే హైదరాబాదు బస్సెక్కాం. సారు కొడుకు దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు టీకా వేసి చేసిన పరీక్షను 2010లో ఆపించారు కదా, హాస్టలు వార్డెన్లే సంతకాలు చేశారని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. "మన మీద కూడా ప్రయోగం చేస్తారేమో అన్నా" అని అతని భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేను.

డాక్టరు రెండు మందులూ చెప్పింది. లూసెంటిస్ అయితే సారు పింఛను చాలదు. అవాస్టిన్‌కు కంటి వాడకం విషయంలో అనుమతి లేదు, ఆ సంగతి ఒప్పుకోలు కాగితంలోనే రాసి ఉంది. సారు ఆ కాగితాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత అడిగారు.

"అమ్మా, ఇది పరీక్ష రాసిందా?"

"ఈ సంవత్సరమే రాసిందండీ."

"మార్కులెన్ని?"

ఆమె నవ్వి చెప్పింది. ఏడాదికి లూసెంటిస్ సగటు లాభం 8.5 అక్షరాలు, అవాస్టిన్‌ది 8.0. ఏడాది మందు ఖర్చు ఒకదానికి 23,400 డాలర్లు, రెండోదానికి 595.

"అర మార్కుకు అంత ఫీజా?" అన్నారు సారు.

ఆమె అక్కడితో ఆపలేదు, అందుకు ఇప్పటికీ ఆమెకు దండం పెడతాను. అవాస్టిన్ వాళ్ళలో ఆస్పత్రి పాలైనవాళ్ళు కొంచెం ఎక్కువని, అది మందు వల్లనో కాదో తేల్చే సంఖ్య ఆ పరీక్షలో లేదని, సీసా పంచేటప్పుడు క్రిమి చేరితే కన్ను పోతుందని కూడా చెప్పింది. సారు సంతకం పెట్టారు. ఆయన సంతకం చివర పెద్ద తోక ఉంటుంది, మన ప్రోగ్రెస్ కార్డుల మీద చూసే ఉంటారు. ఆరోజు తోక గీత దాటిపోయింది.

సూది వేయడం నిమిషం పని. మత్తు చుక్కలు, అయోడిన్‌తో కడగడం, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి సన్నటి సూది. మూడో నెలకు గీతలు చాలావరకు తిన్నబడ్డాయి. పేపరు మళ్ళీ చదివారు, సంపాదకీయంతో సహా. సూది ఆపితే రెండు నెలల్లో గీత వంగేది, మళ్ళీ బస్సు. జబ్బు నయం కాలేదు, గుమ్మం దగ్గర నిలబడిపోయింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో కంటి వాడకానికి అవాస్టిన్ మందును చేర్చిందని చెబితే, "అయితే పాసైందన్నమాట" అన్నారు.

అన్ని రోజులూ సాఫీగా సాగలేదు. గుజరాత్‌లో కొందరికి సూది తర్వాత కన్ను చీము పట్టిందని 2016 మొదట్లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి కంటికి అవాస్టిన్ వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. కంటి డాక్టర్ల సంఘాలు మొరపెట్టుకున్నాక కొన్ని వారాలకు దాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆ వారాల్లో సారు సూది తేదీ దాటిపోయింది, పలక మీద మళ్ళీ మెలిక వచ్చింది. 2015లో మన దేశంలోనే ఇంటాస్ కంపెనీ లూసెంటిస్‌కు దీటుగా చేసిన రజుమాబ్ వచ్చి ఉంది కాబట్టి, పిల్లలు తలా కొంత వేసుకొని ఆ ఒక్కసారికి అది వేయించారు. పోయిన చూపులో సగమే తిరిగొచ్చింది.

ఆ రోజుల్లోనే ఈ జబ్బు మీద చదువుతుంటే అంబటి అనే ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ తగిలేది. అమెరికాలో అంబటి జయకృష్ణ, అంబటి బాలమురళి అన్నదమ్ములు. కంటి నల్లగుడ్డు మీద పొర అద్దంలా ఎందుకుంటుంది, అక్కడ రక్తనాళాలు ఎందుకు మొలవవు అన్నదానికి, ఆ పొరే వీఈజీఎఫ్‌ను పట్టేసే ప్రొటీన్‌ను తయారుచేసుకుంటుందని 2006లో వాళ్ళ బృందం చూపించింది. కంటికి మందు కంట్లోనే కొంత ఉందన్నమాట. సారుకు చెబితే, "ఏ ఊరు అంబటోళ్ళు?" అని అడిగారు. ఆయనకు ముందు పటంలో చోటు కావాలి.

సారు 2019లో వెళ్ళిపోయారు, ఎనభై నాలుగో ఏట, గుండెతో. చివరి వారం దాకా పేపరు హెడ్డింగులు చదివారు. పలక నాకిచ్చారు. మేకుతో గీసిన గళ్ళు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి, నడుమ చుక్క మాత్రం కాస్త అరిగింది, సుద్దతో దిద్దాను. స్వర్ణోత్సవం రోజు పాత ఏడో తరగతి గదిలో కిటికీ పక్కన పెడతాను. మన బ్యాచిలందరం అరవై దాటినవాళ్ళమే. కళ్ళజోడు పెట్టుకొని, జానెడు పైన దూరంలో నిలిచి, ఒక్కో కన్నూ విడిగా మూసుకొని చూడండి.