ప్రమాద కేసులో పిల్లల తరఫున రాజీ: తండ్రి సంతకం ఒక్కటే ఎందుకు సరిపోదు?

గరివిడి మీదుగా వెళ్లే విజయనగరం–పాలకొండ రోడ్డులో పన్నెండేళ్ల పిల్లాడిని లారీ గుద్దిందనుకుందాం. తలకు దెబ్బ తగిలి మాట పోయింది. ఆసుపత్రి ఖర్చుకే ఇంట్లో అప్పులయ్యాయి. ఇంతలో పెద్దమనుషులు వచ్చి, ‘ఇంత ఇప్పిస్తాం, కోర్టులూ గీర్టులూ ఎందుకు’ అంటారు. తండ్రి కాగితం మీద సంతకం పెట్టేస్తాడు. పిల్లాడి హక్కు అక్కడితో పోయినట్టేనా?

పోదు. పరిహారం ఎంత అనేది తేల్చాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్. ఇంటి దగ్గర రాసుకున్న కాగితం దానికి ప్రత్యామ్నాయం కాదు. 18 ఏళ్లు నిండని వాళ్లు, మానసిక స్థితి వల్ల తమ మంచిచెడులు చూసుకోలేని పెద్దవాళ్లు సొంతంగా కేసు నడపలేరు. వాళ్ల తరఫున తల్లో, తండ్రో, దగ్గరి బంధువో నిలబడతారు. కోర్టు భాషలో వీళ్లను ‘నెక్స్ట్ ఫ్రెండ్’ అంటారు. పెద్దవాళ్ల విషయంలో ఆ అసమర్థతను ముందుగా కోర్టు విచారించి నిర్ధారిస్తుంది. మెడికల్ రికార్డులు, సదరం సర్టిఫికెట్ ఉంటే అక్కడ పని కొంత సులువవుతుంది.

కేసు మధ్యలో బీమా కంపెనీ రాజీకి వస్తే? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 32, రూల్ 7 ప్రకారం కోర్టు అనుమతి లేకుండా నెక్స్ట్ ఫ్రెండ్ రాజీ పడకూడదు. ఆ అనుమతి రికార్డులో స్పష్టంగా కనిపించాలి. రాజీ మైనర్ మేలుకేనని నెక్స్ట్ ఫ్రెండ్ అఫిడవిట్ ఇవ్వాలి, లాయర్ ఉంటే ఆయన కూడా అదే మాట సర్టిఫై చేయాలి. అనుమతి లేని రాజీని తర్వాత మైనర్ కాదనవచ్చు, అవతలి పక్షం మాత్రం కాదనలేదు.

ఇది తల్లిదండ్రుల మీద అనుమానంతో పెట్టిన నిబంధనలా అనిపించొచ్చు. నిజానికి వాళ్ల కళ్ల ముందు ఈ నెల అప్పు ఉంటుంది, పిల్లాడి ముందు యాభై ఏళ్ల బతుకు ఉంటుంది. 2007లో ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న పన్నెండేళ్ల అమ్మాయి కేసే చూడండి. ట్రైబ్యునల్ సుమారు 11 లక్షలు ఇచ్చింది. హైకోర్టు దాన్ని 25 లక్షలు దాటించింది. 2020లో సుప్రీంకోర్టు 62 లక్షలకు పైగా ఇచ్చింది. ఇద్దరు సహాయకులకు నెలకు 10 వేల చొప్పున లెక్కగట్టిన 21.60 లక్షలు అందులో ఉన్నాయి. తొలి ఏడాదే ఏదో ఒక మొత్తానికి రాజీపడే ఇంట్లో ఈ సహాయకుల లెక్క ఎవరికి తడుతుంది?

డబ్బు ఎవరి చేతికి వస్తుంది?

మైనర్ వాటాను కనీసం మేజరయ్యే వరకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాలని సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డిపాజిట్ మీద బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. నెలనెలా వడ్డీ సంరక్షకులకు అందేలా చూడొచ్చు. ఆపరేషన్ లాంటి అవసరం వస్తే, బిల్లులు చూపించి అసలులో కొంత తీసుకునేందుకు పిటిషన్ వేసుకోవచ్చు. బ్యాంకు మేనేజర్‌ను బతిమాలితే పని జరగదు, ఆర్డర్ ఉండాల్సిందే.

లోక్ అదాలత్‌లో రాజీపడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అక్కడ ఇచ్చిన అవార్డుపై అప్పీలు ఉండదు. సంతకానికి ముందే భవిష్యత్తు వైద్యం, సహాయకుల ఖర్చు, సంపాదన నష్టం ఆ మొత్తంలో చేరాయో లేదో లాయర్‌ను విడివిడిగా అడగండి.

ప్రమాదం విశాఖలో జరిగినా, బాధితులు గరివిడిలో ఉంటే కేసు విజయనగరంలోనే వేయొచ్చు. మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం గడువు ఆరు నెలలు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి గానీ, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. మహిళలు, పిల్లలు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. దాని కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, పిల్లాడి పుట్టిన తేదీ రుజువు, ఇప్పటిదాకా ఎవరైనా డబ్బు ఇచ్చి ఉంటే ఆ కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.