కరవు, వరద, చెరువుకట్ట

జమ్మికుంట యను పేరులో రెండు మాటలున్నవి. జమ్మి యెండకు వెరవని చెట్టు. వేళ్లను లోతునకు దింపి, వానలేని యేటను గూడ పచ్చగా నిలుచును. కుంట యనగా పారిపోవు వాననీటిని పట్టి నిలుపు తావు. కరవునకు ఓర్చుకొనుట, నీటిని కూర్చుకొనుట అను నీ రెండు విద్యలే మన ప్రాంతపు బ్రతుకునకు ఆధారములు. గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఈ విద్యల చరిత్రను కొంత స్మరించుట ఉచితమని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మనది పీఠభూమి. నేల మానేరు వైపునకును, గోదావరి వైపునకును వాలియున్నది. ఏడాది వానలో అధిక భాగము నైరుతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే కురియును. ఆ నాలుగు నెలలలోనైనను సమముగా కురియదు. ఒక పక్షము ఆకాశము బిగదీసికొనును. మరి రెండు రోజులలో కుండపోత. కావున ఒకే యేట కరవును, వరదయు చూచిన ఊళ్లు మనకు క్రొత్త గావు. ఈ రెండు ఆపదలకు మన పెద్దలు కనిపెట్టిన మందు ఒక్కటే: పరుగెత్తు నీటిని నడిపించుట, నడచు నీటిని నిలుపుట.

ఈ పనిని రాజధర్మముగా ఎత్తుకొన్నవారు కాకతీయులు. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించెను. పాలంపేటలో 1213లో రామప్ప గుడిని నిలిపిన రేచర్ల రుద్రుడు ఆయన సేనాని. గుడికి చేరువనున్న రామప్ప చెరువు నేటికిని ఆయకట్టును తడుపుచున్నది. పాకాల చెరువును కట్టించిన జగదాల ముమ్మడియు, బయ్యారము చెరువును త్రవ్వించిన మైలాంబయు ఆ కాలమువారే. రాజు, మంత్రి, సేనాని, రాజకుటుంబపు స్త్రీ యను భేదము లేక చెరువు కట్టుట ఘనకార్యమని తలచిన కాలమది.

పెద్ద చెరువులకంటె మిన్నయైనది గొలుసుకట్టు. ఎగువ ఊరి చెరువు నిండి మత్తడి దుంకిన నీరు వాగై దిగువ ఊరి చెరువు చేరును. అదియు నిండిన పిదప మరియొక చెరువునకు. కరవు కాలమున ఒక్క చుక్కయు వృథా పోదు. వరద కాలమున నీటి వేగము మెట్టు మెట్టుగా తగ్గును. అయితే ఇందులోనే యొక గండము దాగియున్నది. ఎగువ కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్క పెట్టున దిగువ కట్టమీద పడును. ఒక ఊరి అజాగ్రత్తకు పది ఊళ్లు శిక్ష అనుభవించును.

చెరువు మేలునే గాక దాని ప్రమాదమును గూడ పూర్వులు ఎరుగుదురు. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర కాలమునాటి 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. అది చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, రాకూడని ఆరు దోషములను లెక్కించినది. కట్టనుండి నీరు ఊరుట, చవిటి నేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువగుట, నేల తక్కువై నీరు ఎక్కువగుట, ఇవి ఆ దోషములు. రెండు రాజ్యముల పొలిమేరను దోషమని ఎంచుట గమనింపదగినది. ఇద్దరి సొమ్మైన కట్టను ఎవ్వరును బాగుచేయరని వారు గ్రహించినట్లు తోచును.

కట్టుట ఒక ఎత్తు, కాపాడుట పది ఎత్తులు. చెరువు కట్టినవారికిని, మరమ్మతు చేయువారికిని ఆయకట్టు నేలలో గాని పంటలో గాని పదవ వంతు నిచ్చు దశబంధ మాన్యము ఉండెడిది. తూము తెరచుటకు, మూయుటకు నీరటి యుండెడివాడు. వానకాలపు రాత్రులలో గొంగడి కప్పుకొని, పార భుజమున వేసికొని కట్టపై తిరుగు నీరటిని నా బాల్యమున చూచితిని. ఎండ్రకాయ బొరియ ఎక్కడ నున్నదో, చెమ్మ ఎక్కడ ఊరుచున్నదో ఆతని పాదములకు తెలియును. కట్టమైసమ్మకు బోనము తీసికొని పోవుటయు ఒక విధముగా కట్టను తనిఖీ చేయుటయే. ఏటేట ఊరంతయు ఆ కట్టమీద నడచెడిది.

ఆ కాలమంతయు స్వర్ణయుగమని చెప్పుట నా ఉద్దేశము గాదు. కట్టకు మోసిన మట్టిలో వెట్టిచాకిరి చెమట చాల కలదు. శిఖములో పంట వేసినవాడు మత్తడి తగ్గింపుమనును. ఆయకట్టు రైతు ఇసుక బస్తాలు వేసి దానిని ఎత్తు చేయును. మత్తడిని ఎత్తు చేసిన రాత్రి పెద్దవాన వచ్చినచో నీరు కట్టమీదుగా పొర్లును. మట్టికట్టకు అంతకు మించిన మృత్యువు లేదు.

ఇది వట్టి భయము గాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచినది. సుమారు పదునైదు వేలమంది మరణించిరి. నిజాము ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య కారణమును వెదకుచు నగరమునుండి ఎగువకు పోయెను. ఆ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా 221 తెగినవని ఆయన లెక్క తేల్చెను. ఒకదానివెంట నొకటిగా తెగిన కట్టల నీరే నగరముమీద పడినది. ఆయన సూచనపై వరదను ఆపుటకు కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తియైనవి. నగరమున చచ్చినవారి ప్రాణములు ఊళ్ల కట్టలలో నుండెనన్న సత్యమును మనము మరువరాదు.

మన ఉత్తరమున ఆదిలాబాదు సీమలోని కడెము కథ మరియొక పాఠము. 1958 ఆగస్టులో వరద ఆ క్రొత్త ఆనకట్టమీదుగా పొర్లి గండి కొట్టినది. తరువాత దానిని మరల కట్టిరి. 2022 జూలైలో అచటికి అయిదు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. విడువగల శక్తి సుమారు మూడు లక్షలు. పదునెనిమిది ద్వారములలో ఒకటి తెరచుకొనలేదు. నీరు మరల కట్టపై పొర్లినది. అయినను ఆనకట్ట నిలిచినది. దిగువ ఊళ్ల ప్రజలను ముందే తరలించిరి. కట్ట నిలుచుట కొంత అదృష్టము కావచ్చును. మనుష్యులు బ్రతుకుట మాత్రము హెచ్చరిక ఫలము.

ఇక మన యింటి సంగతి. 1963 జూలై 26న పోచంపాడులో జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరామసాగరము నుండి కాకతీయ కాలువ మన పొలములకు గోదావరి నీటిని తెచ్చినది. కరెంటు మోటార్లు, బోరుబావులు వచ్చినవి. ఇవి మేలే చేసినవి. కాని తన బోరు తనకున్నదన్న ధీమాతో రైతు చెరువువైపు చూచుట మానెను. నీరటి పోయెను, పూడిక పెరిగెను. పూడిక పెద్దచిన్నలను ఎరుగదు: 112 టి.ఎం.సి.ల సామర్థ్యముతో ఏర్పడిన శ్రీరామసాగరము 1994 సర్వే నాటికి సుమారు 90కి తగ్గినది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి, అనేక చెరువుల పూడిక తీయించినది. ఆ నల్లమట్టిని రైతులు బండ్లతో, ట్రాక్టర్లతో తమ చేలకు తోలుకొనిరి. అది మంచి ఆరంభము. అయితే ఒకసారి తీసిన పూడిక మరల రాక మానదు. ఏటేటి కాపుదలకు ప్రభుత్వ పథకము ఊరికి బదులు కాజాలదు.

2023 జూలై 27ను మన తూర్పు దిక్కువారు మరువజాలరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజున 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. మన జిల్లాలో ఏడాది పొడుగున కురియు వానలో అది సగమునకు మించినది. ఆ తెల్లవారుజామున భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లిని మోరంచవాగు ముంచినది. జనులు మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణములు దక్కించుకొనిరి, కొందరు కొట్టుకొనిపోయిరి. పడవలు, హెలికాప్టర్లు తరువాత వచ్చినవి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము దేశమునకు, రాష్ట్రమునకు, జిల్లాకు అధికార సంస్థల నేర్పరచినది. వాటి సాయము అవసరమే. కాని నీరు గడపనెక్కిన మొదటి గంటలో ఊరికి ఊరే దిక్కు.

ఆ గంటకు మనము సిద్ధముగా నున్నామా? నేడు పట్టణము పెరిగి, కుంటల శిఖములు ఇండ్ల స్థలములగుచున్నవి. ఎండకాలమున కొనువానికి అది చదునైన నేల. అచట నీరు నిలిచిన యేటిని ఎరిగిన ముసలివాడు పోయిన పిదప చెప్పువాడు లేడు. వాన ఆకాశమునుండి పడును. విపత్తు మరపునుండి పుట్టును.

మరపునకు విరుగుడు గ్రంథాలయము. కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న కోరిక. మన గ్రంథాలయమున ఒక నీటిపుస్తకమును తెరువవలెను. చుట్టుపట్ల చెరువులు, కుంటలు, వాటి మత్తడులు, నీరు పోవు వాగుల దారులు అందు వ్రాయవలెను. ఏ యేట ఎంత వాన కురిసెనో, ఏ చెరువు ఎన్నడు మత్తడి దుంకెనో, ఏ వీధిలో నీరు ఎంతవరకు వచ్చెనో పెద్దలనడిగి యెక్కింపవలెను. ముందుగా తరలింపవలసిన ముసలివారు, రోగులు, బాలింతలు ఏ యిండ్లలో నున్నారో, వారికి ఏ బడి మెట్టమీద నున్నదో ఏటేట మృగశిరకు ముందే చూచుకొనవలెను. ఇందుకు వలసినది ఒక లెక్కపుస్తకము, ఒక కలము, కొందరు యువకుల ఓపిక మాత్రమే. మొదటి పుట వ్రాయుటకు నాకు తెలిసినంత చెప్ప నేను సిద్ధముగా నున్నాను. తక్కినది నాకంటె పెద్దలైనవారు బ్రతికియుండగనే అడిగి వ్రాసికొనుడు.