పాకాల అడవుల వేట: తుపాకి గొట్టం పొడవు కథ

కాకతీయ గణపతిదేవుని పాలనలో, పదమూడవ శతాబ్ది తొలి దశకాల్లో నిర్మాణమైన పాకాల చెరువు చుట్టూ, అక్కడి నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి ఒడ్డు దాకా పరచుకున్న టేకు, వెదురు అడవులు నిజాం రాజ్యంలో పేరున్న వేట ప్రదేశాలలో ఒకటిగా ఉండేవి. 1953లో ఖమ్మం విడిపోయి వేరే జిల్లా అయ్యేవరకు వరంగల్ జిల్లా చాలా విశాలమైనది కావడం వల్ల పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కణుజు, చుక్కల దుప్పి తిరిగే అడవిలో పెద్ద భాగం దాని హద్దులలోనే ఉండేది. ఈ అడవికి వచ్చిన వేటగాడు తుపాకి గొట్టం పొడవుగా ఉండాలా, పొట్టిగా ఉండాలా అన్న ప్రశ్నకు ఎప్పుడో ఒకప్పుడు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ జవాబు కాలానికొక తీరుగా మారడానికి కారణం వేటగాళ్ల అభిరుచి కన్నా తుపాకిలో పోసే మందు, తుపాకి పట్టుకుని నిలబడే చోటు అని చెప్పడమే న్యాయం.

సూరేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరిన నల్ల తుపాకిమందు రాజ్యమేలిన కాలంలో ఈ ప్రశ్నకు పెద్దగా తావు లేదు. ఆ మందు అంటుకున్నప్పుడు అందులో సగం కన్నా తక్కువ భాగమే వాయువుగా మారుతుంది, మిగిలినది పొగగా, గొట్టం లోపల పేరుకునే మసిగా మిగులుతుంది. ఉన్న కాస్త వాయువు బలాన్నీ గుండు పూర్తిగా అందుకోవాలంటే అది గొట్టంలో ఎక్కువ దూరం ప్రయాణించాలి గనుక ఆనాటి తుపాకులు పొడవుగానే ఉండేవి. బ్రిటిష్ సైన్యం అంతకు ముందు వాడిన మస్కెట్ల గొట్టాలు 46, 42 అంగుళాలు ఉండగా, ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చేయించి, 1790లలో బ్రిటిష్ సైన్యం కూడా స్వీకరించిన ‘ఇండియా నమూనా’ మస్కెట్ గొట్టం 39 అంగుళాలు, అంటే మీటరుకు కాస్త తక్కువ. వాటిలో పొట్టిదైన తుపాకి గొట్టమే ఇంత పొడవు. తెలంగాణ పల్లెల్లో భర్మార్ అని పిలిచిన నాటు తుపాకి కూడా ఈ కోవకు చెందినదే. మూతి వైపు నుంచి మందు పోసి, గుడ్డపీలిక దూర్చి, గుండునో రవ్వలనో వేసి, ఇనుప కడ్డీతో కూరే ఈ తుపాకిని ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి చాలా సమయం పట్టేది కాబట్టి, దాన్ని నమ్ముకున్నవాడికి మొదటి గుండే దాదాపు చివరి గుండు.

ఈ అడవులను దూరప్రాంతాల వేటగాళ్లకు దగ్గర చేసింది రైలు. నిజాం హామీ రైల్వే 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరాక, నెక్కొండ వంటి చిన్న స్టేషనులో దిగి అడవి అంచున డేరాలు వేయడం తేలికైంది. వైస్రాయ్ కర్జన్ 1902లో హైదరాబాదుకు వచ్చిన సందర్భంలో నెక్కొండ దగ్గర వేట విడిది ఏర్పాటైంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ ఆ విడిదిని చిత్రించాడు. చనిపోయిన పులుల వెనుక నిలబడిన కర్జన్ దంపతుల పేర్లను ఆ ఛాయాచిత్రాలు భద్రపరచాయి గానీ, పులి జాడ తీసి, డప్పులు మోగిస్తూ దాన్ని మంచె వైపు తరిమిన వారి పేర్లను మాత్రం భద్రపరచలేదు. ఆ ప్రాణాపాయమైన పనిలో ముందు నడిచినవారు అడవిని ఎరిగిన స్థానికులే. ఈ లోటు చరిత్రకు నిజంగా బాధాకరమైనది.

జంతువును చుట్టుముట్టి తరిమే ఈ పద్ధతిని హాకా అనేవారు. తరిమిన పులి కొన్ని పదుల గజాల దూరంలోనే పొదలోంచి బయటపడుతుంది. ఆకుల మాటున కట్టిన ఇరుకు మంచె మీద కూర్చున్నవాడు ఉన్నచోటనే తుపాకిని ఆ వైపు తిప్పాలి, గొట్టం కొమ్మకు తగిలితే ఆ చప్పుడుకే పులి దారి మార్చుకుంటుంది. గాయపడిన జంతువును వెదుకుతూ వెదురు పొదల్లోకి కాలినడకన వెళ్లినప్పుడైతే పొడవు గొట్టం అడ్డమే కాదు, అపాయం కూడా. అందుచేత పాకాల వంటి అడవి పొట్టి గొట్టాన్నే కోరేది, అయితే నల్ల తుపాకిమందు చెలామణిలో ఉన్నంతకాలం ఆ కోరిక పూర్తిగా తీరలేదు.

పొగలేని మందు రావడంతో ఆ అడ్డంకి తొలగింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే తయారు చేసిన మందు, ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే బ్రిటన్‌లో వచ్చిన కార్డైట్ తక్కువ పరిమాణంతోనే ఎక్కువ వాయువును, ఎక్కువ ఒత్తిడిని పుట్టించేవి. 1898లో జాన్ రిగ్బీ సంస్థ ప్రవేశపెట్టిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా 480 గ్రెయిన్ల, అంటే సుమారు 31 గ్రాముల గుండును సెకనుకు 2,150 అడుగుల వేగంతో పంపేది. ఇటువంటి తుపాకి గొట్టాన్ని అంగుళం తగ్గిస్తే గుండు వేగం సెకనుకు సుమారు 20 నుంచి 30 అడుగులు తగ్గుతుందని సాధారణ లెక్క. ఆ ప్రకారం 28 అంగుళాల గొట్టాన్ని 24కు కుదించినా పోయేది మొత్తం వేగంలో ఇరవయ్యో వంతు మాత్రమే, ముప్పై గజాల దూరంలోని పులి విషయంలో దానికి విలువ లేదు. సైన్యాలు కూడా ఇదే దారి పట్టాయి. 30.2 అంగుళాల లీ ఎన్‌ఫీల్డ్ స్థానంలో 1903 ప్రాంతంలో వచ్చిన కొత్త రైఫిలు గొట్టం 25.2 అంగుళాలే.

అయినా పొడవు గొట్టాన్ని కోరినవారు కేవలం పాత అలవాటు వల్ల కోరలేదు. గురి చూసే వెనుక గాడికీ ముందు మొనకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ గురిలోని పొరపాటు తగ్గుతుంది. ఆ దూరం 20 అంగుళాలు ఉన్నప్పుడు మొన అంగుళంలో నూరో వంతు పక్కకు తప్పితే వంద గజాల దూరంలో గుండు 1.8 అంగుళాలు పక్కకు పోతుంది, అదే 24 అంగుళాలైతే అంగుళంన్నర మాత్రమే పోతుంది. పొలాల మధ్య మైదానంలో దూరాన నిలిచిన కృష్ణజింకను కొట్టదలచినవాడికి ఈ తేడా పనికివచ్చేదే, దుర్భిణి అమర్చిన రైఫిళ్లు వచ్చాక మాత్రం ఈ వాదన బలహీనపడింది. ఇక పొట్టి గొట్టం మూతి దగ్గర మంట, శబ్దం ఎక్కువ. మునిమాపు వేళ మంచె మీద ఆ మంట కళ్లకు కొడితే రెండో గుండు పేల్చేలోగా చూపు కుదరదు.

ఈ రెంటి మధ్య రాజీగా నిలిచినది జోడు గొట్టాల రైఫిలు. బోల్టు రైఫిలులో తూటాలను ముందుకూ వెనక్కూ నడిపే యంత్రభాగం గొట్టం వెనుక కొన్ని అంగుళాల చోటు తీసుకుంటుంది. విరిచి తూటాలు పెట్టే జోడు రైఫిలుకు అంత చోటు అక్కరలేదు కనుక 26 అంగుళాల గొట్టాలు ఉన్నా మొత్తం పొడవు అదుపులోనే ఉండి, బరువు రెండు చేతుల మధ్య నిలిచేది. దాని ఖరీదును భరించగలిగినవారు నవాబులు, పెద్ద అధికారులు మాత్రమే. 1907లో ప్రభుత్వం .450 కొలత తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో ఆ కొలతను భారతదేశంలో నిషేధించగా, తయారీదారులు .470, .465 వంటి కొత్త కొలతలు తెచ్చారు. పాలకుల భయం సైతం వేట తుపాకి రూపాన్ని మార్చిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇన్ని మార్పులు వచ్చినా పల్లెకు అందుబాటులో ఉన్నది భర్మారే. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో గ్రామ దళాలు వడిసెలతో పాటు ఈ తుపాకినే ఆధునిక రైఫిళ్లకు ఎదురుగా పట్టాయి. 1950ల తొలినాళ్లలోనే పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలయ్యాయి. 1970లో దేశమంతటా పులి వేటను నిషేధించారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటికి ఈ అడవుల్లో పులి అరుదైపోయింది, అందులో రాజుల, అతిథుల వినోదానికి ఉన్న పాలు చిన్నది కాదు. గొట్టం పొడవు విషయం నేడు వేటగాడి ఇష్టానికి వదిలినది కాదు: 1959 ఆయుధ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం తగిన లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని కోసి పొట్టి చేయడం నేరం.