ఎలుకపిల్ల కళ్ల నుంచి క్యాన్సర్ మందు దాకా

పుట్టిన ఎలుకపిల్లలు ఇంచుమించు రెండు వారాల దాకా కళ్లు తెరవవు. 1950ల చివర్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త దగ్గరున్న పిల్లలు మాత్రం వారానికే తెరిచాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. పెద్ద ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన సారాన్ని ఆయన వాటికి ఎక్కిస్తున్నారు. ఆయన వెతుకుతున్నది నాడులను పెంచే పదార్థం కోసం. ఈ కళ్ల సంగతికి ఆ పనితో సంబంధమే లేదు. అయినా కోహెన్ దాన్ని వదిలిపెట్టలేదు.

ఆ నాడీ పదార్థానికి అప్పటికే ఒక చరిత్ర ఉంది. రీటా లెవీ-మోంటాల్చీనీ ఇటలీలోని టురిన్‌కు చెందిన యూదు వైద్యురాలు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల వల్ల ఆమె విశ్వవిద్యాలయానికి దూరమయ్యారు. పడకగదిలోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని కోడిగుడ్లలోని పిండాల్లో నాడులు ఎలా ఎదుగుతాయో పరిశీలించారు. 1947లో సెయింట్ లూయిస్ చేరారు. ఎలుక కణితి ముక్కను కోడి పిండంలో నాటితే నాడులు విపరీతంగా పెరిగేవి. కణితికి తగలని నాడులు కూడా పెరుగుతున్నాయంటే, అది ఏదో పదార్థాన్ని విడుదల చేస్తూ ఉండాలి. 1952లో ఆమె కణితులున్న ఎలుకలతో విమానమెక్కి రియో డి జనీరో వెళ్లారు. అక్కడ గాజుపాత్రలో నాడీ కణజాలం పక్కన కణితి ముక్కను ఉంచి చూస్తే, కొన్ని గంటల్లోనే తంతువులు చుట్టూ కిరణాల్లా విచ్చుకున్నాయి. కణితి పెరుగుదల సందేశాన్ని పంపగలదని అలా కళ్లకు కట్టింది. అలాంటి సందేశంతో కణితి తానే పెరగగలదని తేలడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

1959లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి మారిన కోహెన్, 1962లో కళ్లు తెరిపించిన పదార్థాన్ని శుద్ధి చేసి ప్రకటించారు. 53 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రోటీన్ అది. దానికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, క్లుప్తంగా ఈజీఎఫ్, అనే పేరు స్థిరపడింది. 1986లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కణం బయట ఉన్న ప్రోటీన్ లోపలి కేంద్రకానికి ఎలా కబురు పెడుతుంది? 1970లలో కోహెన్ బృందం ఈ ప్రశ్న పట్టుకుంది. జవాబుకు సాయపడింది ఒక క్యాన్సర్ కణమే. ఏ431 అనే ఆ కణాల పొర మీద ఈజీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకాలు ఒక్కో కణానికి 20 లక్షలకు పైగా ఉంటాయి. మామూలు కణాల్లో వాటి సంఖ్య వేలల్లోనే. అంత సమృద్ధిగా దొరకబట్టే గ్రాహకాన్ని విడిగా తీసి చూడగలిగారు. అది పొరను చీల్చుకుని లోపలికీ బయటికీ ఉండే పొడవైన ప్రోటీన్. బయటి భాగానికి ఈజీఎఫ్ అంటుకోగానే రెండు గ్రాహకాలు జత కడతాయి. లోపలి భాగాలు ఒకదానిలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి మరొకటి ఫాస్ఫేట్‌ను తగిలిస్తాయి. ఆ ఫాస్ఫేట్ల దగ్గరికి ఇతర ప్రోటీన్లు చేరి, కబురును ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ కేంద్రకం దాకా తీసుకెళతాయి. కణం విభజన మొదలుపెడుతుంది. పని కాగానే ఆరోగ్యకరమైన కణం గ్రాహకాన్ని లోపలికి లాక్కుని చాలావరకు నాశనం చేస్తుంది. నా దృష్టిలో ఈ చివరి మెట్టు మొదటి మెట్టంత ముఖ్యమైనది. పెరగడం కణానికి సహజం, ఆగకపోవడమే రోగం.

1984లో దారులు కలిశాయి. లండన్‌లో మైకేల్ వాటర్‌ఫీల్డ్ బృందం ఈజీఎఫ్ గ్రాహకంలోని అమైనో ఆమ్లాల వరుసను చదివి, తెలిసిన ప్రోటీన్లతో పోల్చింది. కోళ్లలో రక్త క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ మోసుకు తిరిగే జన్యువుతో అది సరిపోయింది. వైరస్ ఎప్పుడో కోడి కణం నుంచే ఈ గ్రాహకాన్ని ఎత్తుకుపోయింది. అయితే సందేశాన్ని అందుకునే బయటి భాగం దాదాపుగా తెగిపోయి ఉంది. మిగిలినది ఎవరూ నొక్కకుండానే మోగుతూ ఉండే కాలింగ్ బెల్ లాంటిది. క్యాన్సర్ బయటి నుంచి వచ్చిపడే శత్రువు కాదని, మన పెరుగుదల యంత్రాంగమే అదుపు తప్పడమని ఇంత సూటిగా చూపిన రుజువులు అరుదు.

కణం ఇలా అదుపు తప్పడానికి దారులు చాలా ఉన్నాయి. గ్రాహకాల సంఖ్య పెరిగిపోవడం వాటిలో ఒకటి. 1985లో జెనెన్‌టెక్ సంస్థలో ఆక్సెల్ ఉల్‌రిక్ బృందం ఈజీఎఫ్ గ్రాహకానికి తోబుట్టువు లాంటి హెర్2 జన్యువును వేరు చేసింది. లాస్ ఏంజెలిస్‌లో క్యాన్సర్ వైద్యుడు డెన్నిస్ స్లామన్ దాచి ఉంచిన కణితి నమూనాల్లో దాన్ని వెతికారు. 1987లో ప్రచురించిన పరిశీలనలో 189 రొమ్ము కణితుల్లో దాదాపు 30 శాతంలో ఈ జన్యువు ప్రతులు ఎక్కువగా కనిపించాయి. ఆ రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెట్టేది, ఆయుష్షు తక్కువ. హెర్2ను బయటి నుంచి అడ్డుకునే యాంటీబాడీని ఎలుకల నుంచి తయారుచేసి, మనిషి శరీరం తిప్పికొట్టకుండా మార్చారు. అదే ట్రాస్టుజుమాబ్. 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలిదశ రోగులకు శస్త్రచికిత్స తర్వాత కీమోథెరపీతో పాటు ఇస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో తేలింది. ఈ విజయంలో మందుకు ఎంత వాటా ఉందో, హెర్2 ఎక్కువగా ఉన్నవారినే పరీక్షించి ఎంచుకున్న నిర్ణయానికీ అంత వాటా ఉంది.

జెఫిటినిబ్ కథ చూస్తే ఆ మాట విలువ అర్థమవుతుంది. ఈజీఎఫ్ గ్రాహకం లోపలి భాగాన్ని మూసేసే ఈ మాత్రకు 2002లో జపాన్, 2003లో అమెరికా అనుమతిచ్చాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చాలామందికి అది పనిచేయలేదు. కొందరికి మాత్రం కణితి కరిగిపోయింది. వారిలో పొగతాగనివారు, స్త్రీలు, ఆసియావాసులు ఎక్కువ. 2004లో బోస్టన్‌లోని రెండు బృందాలు ఒకేసారి కారణం కనిపెట్టాయి. మందు పనిచేసిన కణితుల్లో గ్రాహకం జన్యువే మారిపోయి ఉంది. 2009లో వెలువడిన తూర్పు ఆసియా పరీక్షలో ఆ మార్పు ఉన్నవారికి కీమోథెరపీ కన్నా ఈ మాత్ర మేలు చేసింది, లేనివారికి కీమోథెరపీయే మేలు. ఒకే జబ్బు, ఒకే మందు, ఫలితాలు తలకిందులు. భారతీయ రోగుల్లో ఈ మార్పు పాశ్చాత్యుల కన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, జన్యు పరీక్ష చేయకుండా చికిత్స మొదలుపెడితే ఇక్కడి రోగులకే ఎక్కువ అన్యాయం జరుగుతుంది.

కణితి కూడా ఊరుకోదు. గ్రాహకంలోని 790వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారితే జెఫిటినిబ్ పట్టు సడలుతుందని 2005లో గుర్తించారు. ఆ మార్పును కూడా ఎదుర్కొనే ఓసిమెర్టినిబ్ 2015లో వచ్చింది. కొన్నాళ్లకు దానికీ లొంగని కణాలు బయలుదేరాయి.

ఈ చరిత్రలో హైదరాబాద్ పేరు ధర దగ్గర వస్తుంది. సొరాఫెనిబ్ మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లలో వాడే మాత్ర. కణితికి కొత్త రక్తనాళాలు ఏర్పడడానికి తోడ్పడే గ్రాహకాలను కూడా అది మూసేస్తుంది. బేయర్ సంస్థ దాన్ని నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసే అనుమతి, ఇచ్చారు. ధర నెలకు 8,880 రూపాయలు దాటకూడదని, అమ్మకాల్లో 6 శాతం బేయర్‌కు రాయల్టీగా చెల్లించాలని షరతు పెట్టారు. బేయర్ వరుసగా అప్పీళ్లకు వెళ్లింది. రాయల్టీ 7 శాతానికి పెరిగింది, లైసెన్సు మాత్రం నిలబడింది. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సంస్థ చివరి పిటిషన్‌ను తోసిపుచ్చింది.